మీ నాయనమ్మది ఏ పార్టీ అని తేల్చేముందు

మిగతావాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీ నాయనమ్మగారిది కృష్ణా జిల్లా. 1943లో పద్దెనిమిదేళ్ళ వయసులో మహిళా సంఘంలో చేరారు. పార్టీ మీద నిషేధం ఉన్న నిర్బంధ కాలంలో డెన్‌లో, అంటే రహస్య స్థావరంలో, ఉన్నారు. 1954లో తాతగారి ఉద్యోగం వల్ల మద్రాసు వచ్చి పెరంబూరులో స్థిరపడ్డారు. తాతగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ యూనియన్‌లో ఉండేవారు, 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎంలుగా చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు. నాయనమ్మగారు పోయినప్పుడు రెండు పార్టీల వాళ్ళూ వచ్చి రెండు జెండాలు కప్పారు. ఇప్పుడు నూరేళ్ళ సందర్భంగా చిన్న పుస్తకం వేద్దామంటే ఇంట్లో తగాదా. మీ పెదనాన్నగారు 'మా అమ్మ చివరిదాకా సీపీఐ' అంటున్నారు. మీ మేనత్తగారు '1964లోనే సీపీఎంకి వచ్చేసింది, నాన్నకి చెప్పలేదంతే' అంటున్నారు. విజయవాడ బంధువు ఒకరు 'ఆమె మనసు నాగిరెడ్డిగారి వైపే, 1970లో ఇద్దరు కుర్రాళ్ళను ఇంట్లో దాచింది' అంటున్నారు, అంటే 1968లో సీపీఎం నుంచి బయటికి వెళ్ళిన విప్లవ వర్గం వైపు అని. పుస్తకంలో ఎవరి మాట వేయాలి అని అడిగారు.

నేను ఉత్తర చెన్నైలో తెలుగు కార్మిక కుటుంబాల జీవిత కథలు, పాత సంఘాల కాగితాలు చాలా ఏళ్ళుగా పోగుచేస్తున్నాను. ఈ తగాదా నాకు కొత్త కాదు. చీలిక చూసిన కమ్యూనిస్టు కుటుంబాల్లో ఎక్కడో ఒకచోట ఇది ఉంటుంది, అందులోనూ ఆడవాళ్ళ విషయంలోనే ఎక్కువగా ఉంటుంది. మగవాళ్ళ సంగతి కమిటీ మినిట్స్‌లో ఉంటుంది, వాళ్ళు పోటీ చేసిన ఎన్నికల్లో ఉంటుంది. డెన్‌లో వంట చేసి, కాపలా కాసి, జాకెట్టులో చీటీలు పెట్టుకుని ఊళ్ళు దాటించిన మనిషి పేరు ఏ మినిట్స్‌లోనూ ఉండదు. ఆ ఖాళీలో తర్వాతి తరం తనకు ఇష్టమైన పార్టీ పేరు రాసుకుంటుంది.

నా సలహా సూటిగా చెప్తాను. ముగ్గురిలో ఎవరి మాటా తీర్పుగా వేయకండి. ముగ్గురి మాటలూ సాక్ష్యాలుగా వేయండి. వాళ్ళు నిజానికి ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. పెదనాన్నగారు ఇంటి పార్టీ గురించి చెప్తున్నారు. మేనత్తగారు సంఘంలో పని గురించి చెప్తున్నారు. విజయవాడ ఆయన ఎవరికి అన్నం పెట్టింది అన్నది చెప్తున్నారు. పార్టీ సభ్యత్వం ఒకటి, ప్రజాసంఘంలో పని మరొకటి, అభిమానం ఇంకొకటి. ఈ మూడూ ఒకే మనిషిలో మూడు వైపులు ఉండొచ్చు. అరుణా అసఫ్ అలీగారిని చూడండి. 1954లో భారత జాతీయ మహిళా సమాఖ్య పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1956లో కమ్యూనిస్టు పార్టీ వదిలేశారు, మహిళా సమాఖ్యను వదల్లేదు. ఆమె ఏ పార్టీ అని ఒక్క మాటలో అడిగితే జవాబు ఏ యేడు గురించి అడుగుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

అందుకే మొదటి పని: మీ దగ్గరున్న ప్రతి కాగితాన్నీ, ప్రతి జ్ఞాపకాన్నీ యేడు ప్రకారం పేర్చండి. ఒకే వస్తువు 1963లో ఒకటి చెప్తుంది, 1971లో ఇంకొకటి చెప్తుంది.

1964 దగ్గరే ఎక్కువమంది తడబడతారు కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. ఏప్రిల్ 11న ఢిల్లీలో పార్టీ జాతీయ సమితి సమావేశం నుంచి 32 మంది బయటికి వచ్చారు, సీపీఎం పెట్టింది వీళ్ళే. ఆంధ్ర నుంచి సుందరయ్య, బసవపున్నయ్య, నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటివాళ్ళు, తమిళనాడు నుంచి రామమూర్తి, ఎం.ఆర్. వెంకటరామన్, శంకరయ్య వంటివాళ్ళు. ఆ 32 మందిలో ఒక్క స్త్రీ కూడా లేరు. ఈ సంగతి మీ పుస్తకంలో రాయండి. మీ నాయనమ్మగారి లాంటి వేలమంది ఏ పార్టీలో ఉండాలన్నది తేల్చిన ఆ సమావేశంలో, బయటికి నడిచినవాళ్ళలో, ఆడవాళ్ళ గొంతు లేదు. జులైలో తెనాలిలో వీళ్ళ సదస్సు జరిగింది. అక్టోబరు 31 నుంచి నవంబరు 7 దాకా కలకత్తాలో సీపీఎం మహాసభ, డిసెంబరులో బొంబాయిలో సీపీఐ మహాసభ. పైన విడిపోవడానికే ఎనిమిది నెలలు పట్టింది. అది కింద పెరంబూరు శాఖ దాకా, వంటింటి దాకా దిగడానికి ఇంకెంత పట్టి ఉంటుందో ఆలోచించండి. పైగా డిసెంబరు ఆఖరున భారత రక్షణ నిబంధనల కింద కొత్త పార్టీ నాయకుల్ని, కార్యకర్తల్ని దేశమంతా పట్టుకుపోయారు. చాలామంది 1966 దాకా బయటికి రాలేదు. సభ్యత్వం రాయాల్సిన వాళ్ళే జైల్లో ఉంటే 1965 నాటి కార్డు ఎక్కడ నుంచి వస్తుంది? మీ మేనత్తగారు చెప్పేదానికి కార్డు దొరకలేదని పెదనాన్నగారు కొట్టిపారేస్తున్నారు కదా, ఆ వాదన నిలవదు. అలాగే ఆ రోజుల రసీదు మీద ఊరికే 'కమ్యూనిస్టు పార్టీ' అని ఉంటే అది పెదనాన్నగారికీ పనికిరాదు. రెండు పక్షాలూ అప్పటికి అదే పేరు తమదంటున్నాయి.

ఇక తాతగారి యూనియన్ సంగతి. '1968లో కూడా నాయనమ్మ ఏఐటీయూసీ సభలకు వెళ్ళేది, కాబట్టి సీపీఐ' అని పెదనాన్నగారు చెప్పారని రాశారు. ఏఐటీయూసీ పాత కార్మిక సంఘాల సమాఖ్య. సీపీఎం వాళ్ళ కార్మిక సమాఖ్య సీఐటీయూ పుట్టింది 1970 మే నెలలో. అప్పటిదాకా సీపీఎం కార్మిక నాయకులు కూడా ఏఐటీయూసీలోనే ఉన్నారు. కాబట్టి 1970కి ముందు ఏఐటీయూసీ సభ దేనికీ రుజువు కాదు. మహిళా సంఘాల్లో చీలిక ఇంకా నెమ్మదిగా నడిచింది. పార్టీ చీలాక కూడా కొన్నేళ్ళు రెండు పార్టీల ఆడవాళ్ళూ ఒకే మహిళా సమాఖ్యలో కొనసాగారు. రాష్ట్రాల్లో ఒక్కొక్కచోట ఒక్కో రకంగా విడిపోతూ వచ్చి, చివరికి 1981 మార్చిలో సీపీఎం వైపు ఆడవాళ్ళ సంఘం ఐద్వా (అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం) ఏర్పడింది. అది జరిగింది మన మద్రాసులోనే. అంటే 1964కీ 1981కీ మధ్య పదిహేడేళ్ళున్నాయి. ఆ పదిహేడేళ్ళలో 'మాదర్ సంగం' (తమిళంలో మహిళా సంఘం) అని ఇక్కడివాళ్ళు చెప్పే ప్రతి జ్ఞాపకానికీ ఏ మాదర్ సంగం, ఏ యేడు అని వెంటనే అడగాలి.

ఎన్నికల ఫోటోలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. మీరు పంపిన దాంట్లో నాయనమ్మగారు డీఎంకే గుర్తు ఉదయసూర్యుడి జెండాలున్న వేదిక పక్కన నిలబడి ఉన్నారు. అది 1967 ఫోటో అయితే సీపీఎం వైపు చూపిస్తుంది. ఆ యేడు మద్రాసు రాష్ట్రంలో సీపీఎం డీఎంకే కూటమిలో ఉండి 11 అసెంబ్లీ సీట్లు గెలిచింది, విడిగా నిలబడిన సీపీఐకి 2 వచ్చాయి. అదే ఫోటో 1971 నాటిదైతే కథ తిరగబడుతుంది. అప్పుడు డీఎంకేతో ఉన్నది సీపీఐ, సీపీఎం ఒంటరి. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉందా, పక్కనున్న పిల్లవాడు ఎవరు, వాడికి ఎన్నేళ్ళు ఉంటాయి అని చూడండి. పెదనాన్నగారి చిన్న కొడుకు ఆ ఫోటోలో చంకలో ఉంటే యేడు తేలిపోతుంది.

1974 రైల్వే సమ్మెలో క్వార్టర్ల ఆడవాళ్ళ కోసం బియ్యం పోగుచేశారన్న సంగతి పుస్తకంలో తప్పకుండా ఉండాలి, పార్టీ తగాదాకి మాత్రం అది పనికిరాదు. మే 8 నుంచి 27 దాకా నడిచిన ఆ సమ్మెలో రెండు పార్టీల యూనియన్లూ ఉన్నాయి. నన్నడిగితే ఆ ఇరవై రోజుల గురించి నాలుగు పేజీలు రాయండి. భర్తలు జైల్లో, అజ్ఞాతంలో ఉంటే క్వార్టర్లు ఖాళీ చేయమని నోటీసులు వచ్చిన ఇళ్ళలో ఆమె ఏం చేశారో చెప్పగలిగిన వాళ్ళు పెరంబూరులో ఇంకా ఉంటారు. మీ పెదనాన్నగారికీ మేనత్తగారికీ ఆ విషయంలో పేచీ ఉండదు కూడా.

ఎమర్జెన్సీ మాత్రం నిజంగా విడదీసే గీటురాయి. 1975 జూన్ నుంచి సీపీఐ ఇందిరాగాంధీని సమర్థించింది, సీపీఎం వ్యతిరేకించింది. తమిళనాడులో 1976 జనవరి 31న డీఎంకే ప్రభుత్వాన్ని రద్దు చేశాక అరెస్టులు ముమ్మరమయ్యాయి. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? తాతగారూ నాయనమ్మగారూ ఒకే మాట మీద ఉన్నారా? మీ మేనత్తగారికి అప్పటికి ఇరవై దాటి ఉంటాయి, తప్పకుండా గుర్తుంటుంది. మీ ఉత్తరంలో ఈ కాలం గురించి ఒక్క ముక్క లేదు. నాకు అన్నిటికంటే పెద్ద ఖాళీ అక్కడే కనిపించింది.

నాగిరెడ్డిగారి వైపు అన్న మాట సంగతి. 1967 ఆగస్టులో మదురైలో సీపీఎం కేంద్ర కమిటీ ఆమోదించిన సిద్ధాంత ముసాయిదాను ఆంధ్ర శాఖ 1968 జనవరిలో పాలకొల్లు ప్లీనంలో (ప్రత్యేక ప్రతినిధుల సభలో) మెజారిటీతో తిరస్కరించింది. ఆ యేడే నాగిరెడ్డి, దేవులపల్లి, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్యల వెంట ఆంధ్రలో చాలామంది కార్యకర్తలు బయటికి వెళ్ళిపోయారు. తమిళనాడులో అలా జరగలేదు, ఇక్కడ శాఖ చాలావరకు సీపీఎంలోనే నిలిచింది. మద్రాసులో ఉన్న తెలుగు కమ్యూనిస్టులు ఆ రోజుల్లో రెండు గాలుల మధ్య ఉన్నారు. పెళ్ళిళ్ళకు, చావులకు వెళ్ళే ఊళ్ళో ఒక పార్టీ, రోజూ పనిచేసే పేటలో ఒక పార్టీ. ఊరి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకు పది రోజులు చోటిచ్చారంటే, 1948లో డెన్ నడిపిన ఆమె ఎవరినీ ఏ గ్రూపని అడిగి అన్నం పెట్టే అలవాటు లేని మనిషని అర్థం. దాన్నే పార్టీ సభ్యత్వంగా రాస్తే ఆమెకీ, ఆ గ్రూపుకీ ఇద్దరికీ అన్యాయం. ఇంకో సంగతి. ఆ కుర్రాళ్ళు ఇప్పుడు బతికి ఉంటే వాళ్ళ పేర్లు వాళ్ళను అడక్కుండా వేయకండి.

తాతగారి పార్టీని బట్టి నాయనమ్మగారి పార్టీ తేల్చడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలనుంది, ఎందుకంటే ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. కేరళలో కె.ఆర్. గౌరి, టి.వి. థామస్ 1957లో కమ్యూనిస్టు ప్రభుత్వంలో మంత్రులుగా ఉండగా పెళ్ళి చేసుకున్నారు. 1964లో ఆయన సీపీఐలో ఉన్నారు, ఆమె సీపీఎంకి వెళ్ళారు. 1967లో ఇద్దరూ మళ్ళీ ఒకే మంత్రివర్గంలో రెండు పార్టీల మంత్రులుగా కూర్చున్నారు. కాపురం నిలవలేదు. తర్వాత సీపీఎం కూడా ఆమెను 1994లో బహిష్కరించింది, ఆమె సొంత పార్టీ పెట్టుకున్నారు. ఇక్కడ తమిళనాడులో పార్వతీ కృష్ణన్‌గారి తండ్రి సుబ్బరాయన్ కాంగ్రెస్ నాయకుడు, అన్న మోహన్ కుమారమంగళం కమ్యూనిస్టుగా ఉండి కాంగ్రెస్‌లో చేరి కేంద్రంలో ఉక్కు మంత్రి అయ్యారు. ఆమె మాత్రం 2014లో పోయేదాకా సీపీఐ. మల్లు స్వరాజ్యంగారి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు తర్వాతి కాలంలో సీపీఎం నుంచి బయటికి వచ్చి వేరే పార్టీ పెట్టారు. తెలంగాణ పోరాటంలో ఆయన వెంట నడిచిన చెల్లెలే అయినా ఆమె సీపీఎంలోనే ఉండిపోయారు.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి సంగతి ఇంకా కష్టమైంది. భర్త సీతారామయ్యగారు 1980లో పీపుల్స్‌వార్ స్థాపించారు కాబట్టి ఆమె పేరు రాసేటప్పుడు ముందు ఆయన పేరు రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అప్పటికి ఎన్నో ఏళ్ళ ముందే ఆయన ఆమెను వదిలి వెళ్ళిపోయారు. ఆమె పెద్దయ్యాక చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసుకుని బతికారు. 2018లో నూరేళ్ళు నిండాక పోయారు. ఆయన ఏ పార్టీ పెడితే ఈమెది ఆ పార్టీ అని రాయడం ఎంత తప్పో ఇంతకంటే వేరే చెప్పక్కర్లేదు. మీ పెదనాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి. ఆయన మంచి మనసుతోనే అంటున్నారని నాకు తెలుసు. అమ్మానాన్నలు వేరు వేరు పార్టీల్లో ఉన్నారంటే ఇంట్లో గొడవలున్నాయని లోకం అనుకుంటుందేమోనని ఆయన బెంగ అయి ఉంటుంది.

నేను చూసిన ఒక పుస్తకం గురించి చెప్తాను. వాషర్‌మన్‌పేటలో ఒక తెలుగు కుటుంబం వాళ్ళమ్మ ఇంటి లెక్కలు రాసుకున్న ఎక్సర్‌సైజు పుస్తకం తెచ్చి ఇచ్చింది. పాలు, కిరసనాయిలు, బియ్యం, పిల్లల ఫీజు, వీటి మధ్య నెలనెలా 'పార్టీ 50 పై.' అని ఒక పద్దు. 1964 వానాకాలం నుంచి ఆ పద్దు రెండుగా చీలింది: 'ఆ. 25', 'కొ. 25'. ఆ రెండక్షరాలేమిటో కూతురికి కూడా మొదట తెలియలేదు. వెనక పేజీలో ఒకచోట 'ఆఫీసు' అని, ఇంకోచోట 'కొత్త' అని పూర్తిగా రాసి ఉంది. అంటే పాత ఆఫీసుకి పావలా, కొత్త పార్టీకి పావలా. రెండేళ్ళపాటు ఆవిడ రెండు చోట్లా చందా ఇచ్చింది. 1966 చివర్లో 'ఆ.' ఆగిపోయింది, 'కొ.' మళ్ళీ 50 అయింది. ఆవిడ భర్త పాత పార్టీ కమిటీలో ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రెండేళ్ళ పావలాలు ఒక ఆడమనిషి తనంతట తాను ఆలోచించుకుని, తొందరపడకుండా తీసుకున్న నిర్ణయం. ఏ మహాసభ తీర్మానంలోనూ ఇది కనపడదు. మీ ఇంట్లో కూడా పాల పుస్తకాలు, రేషన్ కార్డుల కవర్లు, పాత డైరీలు పారేయకుండా ముందు నాలుగైదు పేజీలు తిప్పి చూడండి. ఏ పత్రికకు చందా కట్టారో కూడా చూడండి. విశాలాంధ్ర పోస్టులో తెప్పించుకున్నారా? అది చీలిక తర్వాత సీపీఐ పత్రికగానే ఉండిపోయింది. తమిళంలో జనశక్తి సీపీఐది, తీక్కదిర్ సీపీఎంది. ఇంటికి ఏది వచ్చేది, అది ఎవరి పేరు మీద వచ్చేది అన్నది చూడాలి. తాతగారి పేరు మీద విశాలాంధ్ర వస్తూ, నాయనమ్మగారు పక్కింటి నుంచి తీక్కదిర్ తెచ్చుకుని తమిళం కూడబలుక్కుని చదివి ఉంటే, అది పిల్లలకే గుర్తుంటుంది.

ఇక చెన్నైలో ఎక్కడెక్కడ వెతకాలంటే, ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ మొదటిది. 1953 అక్టోబరు 1 దాకా కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి నిర్బంధ కాలం కాగితాలకు ఇక్కడే వెతకాలి. పబ్లిక్ డిపార్టుమెంటు జీవోలు, అండర్ సెక్రటరీ సేఫ్ ఫైల్స్ అని పిలిచే రహస్య ఫైళ్ళు అడగండి. పేరుతో వెతికితే దొరకదు. తెలుగు పేర్లను ఇంగ్లీషులో ఎవరి చెవికి ఎలా వినపడితే అలా రాశారు, ఆడవాళ్ళనైతే చాలాసార్లు ఫలానావారి భార్య అని సరిపెట్టారు. ఊరి పేరు, తాలూకా, ఇంటిపేరు, తాతగారి పేరు, అప్పుడు వాడిన మారుపేరు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. జైలుకి వెళ్ళి ఉంటే రాయవెల్లూరు ఆడవాళ్ళ జైలు పేరు కూడా కలపండి.

అక్కడ ఒక జాగ్రత్త. ఫలానా ఆమె పార్టీతో సంబంధం వదులుకుంటానని రాసిచ్చి విడుదలైంది అని ఫైల్లో కనిపిస్తే గుండె జారిపోకండి, అలాగే దాన్ని దాచనూ వద్దు. ఆ కాగితం ఎలాంటి పరిస్థితిలో రాయించారో దాని పక్కనే రాయండి. పాపా ఉమానాథ్‌గారి కథ ఇక్కడ చాలామందికి తెలుసు. తిరుచ్చి పొన్మలై రైల్వే కార్మికుల మధ్య పెరిగిన పిల్ల ఆమె. నిషేధం రోజుల్లో తల్లీకూతుళ్ళు ఇద్దరూ మద్రాసులో జైల్లో నిరాహార దీక్షలో ఉన్నారు. తల్లి ప్రాణం పోతున్నప్పుడు, పార్టీని వదులుతానని రాసిస్తే తల్లిని చూడనిస్తామన్నారు. ఆమె రాసివ్వలేదు. తల్లిని చూడలేకపోయింది. అలాంటి బేరాలు పెట్టిన జైళ్ళవి. రాసివ్వని పాపా ఉమానాథ్‌కి చేతులెత్తి దండం పెడతాను. చంకలో బిడ్డతో జైలుకెళ్ళి, రాసిచ్చి బయటపడి, మళ్ళీ వారంలో సంఘం పనిలో కనిపించిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ విధేయత ఆ కాగితంతో ముగిసిందని నేను ఒప్పుకోను. విడుదలయ్యాక ఏం చేశారు అన్నదే చూడాలి.

ఆర్కైవ్స్ తర్వాత రెండు పార్టీల రాష్ట్ర కార్యాలయాలకు వెళ్ళండి. సీపీఐ బాలన్ ఇల్లం, సీపీఎం పి.ఆర్. నినైవగం, రెండూ టి.నగర్‌లోనే. ఒకే రోజు వెళ్ళి రావచ్చు. రెండు చోట్లా ఒకే ప్రశ్నలు అడగండి: పాత మహాసభల ప్రతినిధుల జాబితాలు ఉన్నాయా, సావనీర్లు ఉన్నాయా, ఆమె పోయినప్పుడు పత్రికలో వేసిన నివాళి ఉందా. 'ఈమె మీ పార్టీయేనా' అని మాత్రం అడగకండి. ఎవరైనా అవుననే అంటారు, అది గౌరవంతోనే అంటారు. పార్టీ పత్రికల నివాళి కూడా తోటివాళ్ళు జ్ఞాపకం మీద రాసిందే. ఆంధ్ర వైపు కాగితాలకు హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది, పాత పత్రికలు అక్కడ చూడండి. రోజా ముత్తయ్య లైబ్రరీ తరమణిలో ఉంది, అక్కడ ఎక్కువగా తమిళం. తమిళం చదివేవాళ్ళు తోడుంటే వెళ్ళండి.

1981 మహాసభ వలంటీర్ బ్యాడ్జి దాచుకున్నారని రాశారు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బలమైన వస్తువు అదే. మేనత్తగారు దాన్ని చూపించి 'ఇంకేం కావాలి' అంటున్నారు. సంఘం విషయంలో ఇంకేం అక్కర్లేదు. ఐద్వా పుట్టిన సభలో ఆమె పనిచేశారు, అది చరిత్ర. అయితే ఐద్వాలో చేరడానికి పార్టీ సభ్యత్వం అక్కర్లేదు. కాబట్టి ఆ బ్యాడ్జి ఆధారంగా 1964 నాటి పార్టీ నిర్ణయాన్ని రాయకండి. మధ్యలో పదిహేడేళ్ళకు ఒక్కటైనా సాక్ష్యం వెతకాలి, లేకపోతే లేదని రాయాలి.

రెండు జెండాల సంగతి చాలామంది సిగ్గుపడి దాచేస్తారు, ఒక జెండా ఉన్న ఫోటో మాత్రం వేస్తారు. మీరు రెండూ ఉన్న ఫోటో వేయండి.  కింద తేదీ, పట్టుకున్నవాళ్ళు ఏ పేటవాళ్ళు అన్నది రాయండి చాలు. అది ఆమె సభ్యత్వానికి రుజువు కాదు గానీ, చీలికలో ఒకరినొకరు రివిజనిస్టులనీ దుస్సాహసికులనీ తిట్టుకున్న వాళ్ళు ఒకే గుమ్మంలో నిలబడ్డారంటే ఆమె ఎలా బతికిందో తెలుస్తుంది.

మేనత్తగారినీ పెదనాన్నగారినీ ఎదురెదురు కూర్చోబెట్టి అడగకండి. విడివిడిగా అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. 'అమ్మది ఏ పార్టీ' అని మొదలుపెడితే ఇద్దరూ తమ పార్టీ చెప్తారు. 'పొద్దున్నే ఇంటికి ఎవరొచ్చేవాళ్ళు, సాయంత్రం ఎక్కడికి వెళ్ళేది, ఎవరి వెంట వెళ్ళేది, తిరిగొచ్చాక నాన్న ఏమనేవాడు' అని అడగండి. వచ్చిన మనుషుల పేర్లు బయటపడితే పార్టీ దానంతట అదే బయటపడుతుంది. మీ మేనత్తగారు 'నాన్నకి చెప్పలేదంతే' అన్నారు కదా, ఆ ఒక్క వాక్యం మీద ఒక పూట కూర్చోండి. ఎందుకు చెప్పలేదు? భయమా, ప్రేమా, చెప్పాల్సిన అవసరం లేదనుకున్నారా? తాతగారికి నిజంగా తెలియదా, తెలిసీ ఊరుకున్నారా?

ఆధారాలు ఇంతే దొరికితే పుస్తకంలో ఆ భాగం నేనైతే ఇలా రాస్తాను, మీకు పనికొస్తే వాడుకోండి:

'నాయనమ్మ 1943లో మహిళా సంఘంలో చేరింది. నిర్బంధ కాలంలో డెన్‌లో పనిచేసింది. 1954లో మద్రాసు వచ్చాక పెరంబూరు, వ్యాసర్పాడి ప్రాంతాల్లో తెలుగు ఆడవాళ్ళ మధ్య సంఘం పని మొదలుపెట్టింది. 1964లో పార్టీ చీలినప్పుడు తాతయ్య సీపీఐలో కొనసాగాడు. నాయనమ్మ ఆ తర్వాత ఏ పార్టీ సభ్యురాలో చెప్పే కాగితం మాకు దొరకలేదు. ఆమె చివరిదాకా సీపీఐ అని పెద్దకొడుకు జ్ఞాపకం. 1964 నుంచి సీపీఎంతో పనిచేసిందని కూతురి జ్ఞాపకం. 1970లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు విప్లవ కార్యకర్తలకు ఇంట్లో చోటిచ్చింది. 1974 రైల్వే సమ్మెలో కార్మిక కుటుంబాలకు బియ్యం పోగుచేసింది. 1981లో మద్రాసులో జరిగిన ఐద్వా వ్యవస్థాపక మహాసభకు వలంటీరు.'

ఇందులో ఎవరి మాటా పోలేదు, ఎవరి మాటా తీర్పు కాలేదు. రేపు ఎగ్మూరులోనో అటక మీదనో ఒక కాగితం దొరికితే ఒక వాక్యం మార్చితే సరిపోతుంది. అట్ట మీద మాత్రం ఏ పార్టీ గుర్తూ వేయకండి. లోపల ఆధారం లేని మాట అట్ట మీద ఎక్కితే జనం అదే గుర్తుపెట్టుకుంటారు.

పనులు ఏ వరుసలో చేయాలంటే, ముందు మేనత్తగారి రికార్డింగు. ఆర్కైవ్స్‌లో ఫైళ్ళు ఇంకో ఏడాది ఆగగలవు. ఎమర్జెన్సీ గురించి ఆమె ఏం చెప్పారో తెలిశాక మళ్ళీ రాయండి, 1967దో 1971దో తేలని ఆ ఫోటో కూడా స్పష్టంగా స్కాన్ చేసి పెట్టండి. వేదిక మీది బ్యానరు చదవగలిగితే యేడు తేల్చడానికి నేను సాయం చేస్తాను.